ప్రశ్నపత్రమే అసలు సిలబస్

ఇంజనీరింగ్ కళాశాలకు స్వయంప్రతిపత్తి వచ్చిందంటే తన సిలబస్ తానే రాసుకునే హక్కు వచ్చినట్టే. ఆ రాత పని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది. సొంత అధ్యాపకులతో పాటు బయటి నిపుణులు, పరిశ్రమ ప్రతినిధి, ఒక పూర్వ విద్యార్థి అందులో ఉండాలన్నది యూజీసీ నిబంధన. అలాంటి బోర్డులో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరి వాదన ఇది. ఒకరు జీవితమంతా కంప్యూటర్ సైన్స్ బోధించిన మాస్టారు, బోర్డుకు అధ్యక్షుడు. మరొకరు ఆయన దగ్గరే చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు కొత్తవాళ్ళను ఎంపిక చేస్తున్న మేనేజరు. కొత్త రెగ్యులేషన్ ముసాయిదా ఇద్దరి ముందూ ఉంది.

మేనేజరు: మాస్టారూ, ముసాయిదా మొత్తం చదివాను. క్రెడిట్ల లెక్క సరిపోయింది. కానీ ఈ నాలుగేళ్ళ చదువూ పూర్తిచేసి మా దగ్గరికొచ్చే అమ్మాయి మొదటి నెలలో ఏ పని చేయగలదో ఇందులో నాకెక్కడా కనబడలేదు. క్లౌడ్ ఒక ఎలక్టివ్, అదీ ఏడో సెమిస్టర్లో. టెస్టింగ్‌కు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో ఒక్క యూనిట్. నలుగురు కలిసి ఒకే ప్రోగ్రామ్ మీద పనిచేయడానికి మేమంతా రోజూ వాడే గిట్ ఊసే లేదు.

మాస్టారు: నీ మొదటి నెల కోసం నేను నాలుగేళ్ళు ఖర్చుపెట్టలేనమ్మా. ఈ పిల్లలు ముప్పై, నలభై ఏళ్ళు పనిచేయాలి. ఒకప్పుడు మల్టీమీడియా అంటే ఫ్లాష్ నేర్పమన్నారు. 2020 డిసెంబరుతో అడోబీ దాన్ని మూసేసింది. తర్వాత యాంగులర్‌జేఎస్ పెట్టమన్నారు. 2021తో దానికీ గూగుల్ మద్దతు ఆగిపోయింది. డేటాబేసుల కోసం కాడ్ 1970లో రాసిన రిలేషనల్ మోడల్ మాత్రం ఇవాళ్టికీ మీ బ్యాంకు లావాదేవీల్ని మోస్తోంది. 1983లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ అందుకున్న టీసీపీ-ఐపీ మీదే నీ క్లౌడ్ కూడా నడుస్తోంది. నిలిచేది నేర్పడం విశ్వవిద్యాలయం పని, వచ్చిపోయేది నేర్పుకోవడం మీ పని.

మేనేజరు: నిలిచేది నేర్చుకుని వస్తే నేను నోరెత్తను. డీబీఎంఎస్‌లో మంచి గ్రేడు తెచ్చుకున్న కుర్రాణ్ణి బీసీఎన్ఎఫ్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం తడుముకోకుండా చెబుతాడు. వెంటనే రెండు టేబుళ్ళు కాగితం మీద గీసిస్తాను. ఒకదాంట్లో విద్యార్థుల పేర్లు, రెండోదాంట్లో ఫీజు కట్టినవాళ్ళ వివరాలు. "ఫీజు కట్టనివాళ్ళ జాబితా తీయి" అంటాను. జాయిన్ రాస్తాడు, కట్టినవాళ్ళే వస్తారు. కట్టనివాళ్ళు రెండో టేబుల్లో ఉండరు కాబట్టి లెఫ్ట్ జాయిన్ రాసి, ఖాళీగా మిగిలిన వరుసలు పట్టుకోవాలని తోచదు. ఇది నేనడిగిన కొత్త టూల్ కాదు, మీ 1970 నాటి రిలేషనల్ మోడలే. అది సిలబస్‌లో ఉంది, కుర్రాడికి రాలేదు.

మాస్టారు: వాడికి రాకపోవడానికి కారణం సిలబస్ అంటావా?

మేనేజరు: కాదా మరి? కొత్త పాఠ్యప్రణాళిక పేరుతో మనం మార్చిందల్లా పేర్లే. 2020 నుంచి సీఎస్‌ఈ పక్కన ఏఐ-ఎంఎల్ అని ఒక బ్రాంచి, డేటా సైన్స్ అని ఇంకో బ్రాంచి వచ్చాయి. తల్లిదండ్రులు కౌన్సెలింగ్‌లో ఆ పేర్లు చూసి ఎగబడ్డారు. మొదటి రెండేళ్ళ టైంటేబుల్ తీస్తే అన్నిటిలోనూ దాదాపు అవే సబ్జెక్టులు. మెషిన్ లెర్నింగ్ చెప్పాల్సిన అధ్యాపకుడు చాలాచోట్ల ఆ సెమిస్టర్లోనే తానూ నేర్చుకుంటూ చెబుతున్నాడు.

మాస్టారు: అది ఒప్పుకుంటాను. అందుకే కొత్త సబ్జెక్టులంటే నాకు భయం. సిలబస్ పుస్తకంలో ఒక పేజీ చేర్చడానికి ఒక పూట చాలు. దాన్ని చెప్పగల మనిషిని తయారు చేయడానికి ఏళ్ళు పడుతుంది. పైగా కాలం లెక్క చూడు. జేఎన్‌టీయూ హైదరాబాదు ఆర్-22 రెగ్యులేషన్ కింద మొదట చేరిన పిల్లలు 2022లో చేరారు, 2026లో బయటికొస్తారు. వాళ్ళ సిలబస్ రాసేనాటికి చాట్‌జీపీటీ ఇంకా జనంలోకి రాలేదు. అది వచ్చింది ఆ ఏడాది నవంబరు ఆఖర్న. నువ్వివాళ పెట్టమన్న టూలు ఈ కొత్త రెగ్యులేషన్ పిల్లలు బయటపడేసరికి ఉంటుందో ఉండదో నువ్వు హామీ ఇవ్వగలవా?

మేనేజరు: ఇవ్వలేను. కానీ మీరు నేర్పకపోతే ఆ టూలు ఎవరూ నేర్పకుండా ఉండరు మాస్టారూ. అమీర్‌పేటలో నేర్పుతారు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల బోర్డులే. ఒకనాడు జావా, డాట్‌నెట్. తర్వాత టెస్టింగ్ టూల్స్, సాప్. ఇప్పుడు డెవాప్స్, జనరేటివ్ ఏఐ. ఫీజు రీయింబర్స్‌మెంట్ కళాశాల ఫీజు కడుతుంది. అమీర్‌పేట కోర్సు ఫీజు, హాస్టల్ అద్దె, నెలల తరబడి తిండి ఖర్చు ఎవరు కడతారు? శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో వచ్చిన కూలీల బిడ్డకు అది చేతకాదు. డబ్బున్న ఇంటి పిల్లవాడు డిగ్రీ తర్వాత ఆరు నెలలు కూర్చుని నేర్చుకుంటాడు. మనం సిలబస్‌లో వదిలేసిన ప్రతి ఖాళీ పేదవాడి మీద పడే భారమే. మౌలికాంశాల పేరు చెప్పి ఆ భారాన్ని చూడకుండా ఉండలేను.

మాస్టారు: ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. అయితే భారం ఎక్కణ్ణుంచి ఎక్కడికి జారిందో కూడా చూడాలి. 2005లో నాస్కామ్-మెకిన్సీ నివేదిక మన ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో నాలుగోవంతు మందే బహుళజాతి సంస్థల్లో పనికొస్తారంది. ఆ మిగతా మూడొంతుల్లోంచే కదా మీ సంస్థలు మనుషుల్ని తీసుకుని ఇంత పెద్దవయ్యాయి! ఎలా? ఇన్ఫోసిస్ మైసూరులో ఊరంత శిక్షణ ప్రాంగణం కట్టింది. టీసీఎస్ తిరువనంతపురంలో నేర్పించింది. మెకానికల్, సివిల్ చదివినవాళ్ళను కూడా తీసుకుని, కొన్ని వారాల్లో ప్రోగ్రామర్లుగా మార్చారు. అప్పుడు శిక్షణ మీ ఖర్చు. ఇప్పుడు అదే శిక్షణ మా సిలబస్ లోపం అయింది. పిల్ల అదే, కళాశాల అదే. ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర మాత్రం మాట మారింది.

మేనేజరు: పని కూడా మారింది. అప్పట్లో కొత్తగా చేరినవాళ్ళకిచ్చే చిన్నచిన్న పనులు ఉండేవి. ఒక ఫారం, ఒక రిపోర్టు, పాత ప్రోగ్రామ్‌లో చిన్న సవరణ. వాటిమీదే చెయ్యి తిరిగేది. ఇప్పుడా పనుల్లో చాలావాటికి మొదటి ప్రతిని యంత్రమే రాసిస్తోంది. అది రాసింది సరైందో కాదో చూడగలిగినవాళ్ళు నాకు కావాలి. అంటే చేరిన మొదటి రోజే ఇంకొకరి కోడ్ చదవాలి, తప్పు పట్టాలి. ఆ మెట్టు ఎక్కించడానికి మైసూరు రోజుల్లో ఉన్నంత తీరిక సంస్థలకు లేదు.

మాస్టారు: ఇప్పుడు దారిలోకొచ్చావు. తప్పు పట్టడం అన్నావు చూడు, అది టూలు కాదు. అది మౌలికాంశం.

మేనేజరు: అయితే అది మీ ల్యాబులో ఎక్కడ నేర్పుతున్నారో చూపించండి. మొదటి సంవత్సరం సీ ల్యాబ్‌నే తీసుకుందాం. చాలా కళాశాలల్లో ఇంకా టర్బో సీ నీలితెరే. అది 1990ల తొలినాళ్ళ సరుకు. అందులో ఇంటిజర్ అంటే రెండు బైట్లు, 32767 దాటితే పట్టదు. పిల్లలు ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాస్తారు. ఇన్‌పుట్ 5 ఇస్తారు, 120 వస్తుంది. రికార్డులో ఎడమ పేజీ మీద 120 అని రాస్తారు, మీరు సంతకం పెడతారు. 8 ఇస్తే ఏమవుతుంది?

మాస్టారు: 40320 రావాలి. మైనస్ 25216 వస్తుంది.

మేనేజరు: ఆ మైనస్‌ను చూసిన విద్యార్థి ఎవరైనా ఉన్నారా?

మాస్టారు: తక్కువ. ఎందుకంటే రికార్డులో పాత బ్యాచి వాళ్ళు 5 ఇచ్చారు, వీళ్ళూ 5 ఇస్తారు. కానీ కంపైలర్ మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఇవాళ్టి కంపైలర్లో ఇంటిజర్ నాలుగు బైట్లు. 12 దాకా సరిగ్గా వస్తుంది. 13 ఇస్తే ఆరు వందల ఇరవై రెండు కోట్లకు పైగా రావాల్సిన చోట సాధారణంగా 1932053504 అని చూపిస్తుంది. మైనస్ గుర్తు కూడా ఉండదు, చూడటానికి నిజమైన జవాబులాగే ఉంటుంది. టర్బో సీలో తప్పు కనబడుతుంది, కొత్తదాంట్లో దాక్కుంటుంది. నీ టూలు మారింది, పిల్ల చూపు మారలేదు.

మేనేజరు: అయితే ఆ చూపు మారాలంటే ఏం చేయాలి?

మాస్టారు: పరీక్షలో అడగాలి. "ఎన్ ఫ్యాక్టోరియల్‌కు ప్రోగ్రామ్ రాయండి" అని అడిగినంత కాలం బట్టీపట్టి రాస్తారు. "ఈ ప్రోగ్రామ్ 12కు సరైన జవాబిచ్చి 13కు తప్పు జవాబిస్తోంది. ఎందుకు? ఏ సంఖ్య దగ్గర చెడుతుందో నడపకుండానే ఎలా చెబుతావు? ఎలా సరిచేస్తావు?" అని అడిగితే సంఖ్యల నిల్వ, మెమరీ, టెస్టింగ్ అన్నీ ఒక్క ప్రశ్నలో వస్తాయి. నా మౌలికాంశమూ వచ్చింది, నీ ఉద్యోగమూ వచ్చింది. సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

మేనేజరు: మరి ఎందుకు అడగడం లేదు? మీ ప్రశ్నపత్రం నమూనా నాకు గుర్తుంది. పార్ట్-ఎలో చిన్న ప్రశ్నలు, పార్ట్-బిలో యూనిట్‌కు ఒకటి, దాని కింద "లేదా" అని ఇంకొకటి. గత నాలుగైదేళ్ళ పేపర్లు ముందేసుకుంటే ఏ యూనిట్లో ఏది వస్తుందో తెలిసిపోతుంది. ఆల్-ఇన్-వన్ పుస్తకం కొని వారంలో చదివేస్తారు. ఇప్పుడు ప్రతి ప్రశ్న పక్కనా అది ఎంత లోతు ఆలోచన అడుగుతోందో చెప్పే బ్లూమ్ స్థాయి కూడా ఎల్-2, ఎల్-4 అని వేస్తున్నారు. "వివరించండి" అన్న ప్రశ్న పక్కనే విశ్లేషణ స్థాయి అని రాసి ఉంటుంది.

మాస్టారు: 2014లో మన దేశం ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందాక ఫలితాల ఆధారిత విద్య అన్నారు. ఎన్‌బీఏ గుర్తింపు కోసం ప్రతి సబ్జెక్టు లక్ష్యాలనూ ప్రోగ్రామ్ లక్ష్యాలతో ముడిపెట్టి పట్టిక నింపాలి. గడిలో 3 అంటే బలమైన బంధం, 1 అంటే బలహీనం. ఉద్దేశం గొప్పది. 2018లో ఏఐసీటీఈ పరీక్షల సంస్కరణ మీద విధాన పత్రమే వెలువరించింది. కానీ మా అధ్యాపకులు గడులు నింపడంలో అలిసిపోయి, ప్రశ్న మార్చే దగ్గరికి వచ్చేసరికి పాత పేపరే తీస్తున్నారు. ఇది బద్ధకం అనుకోకు. దీని వెనక ఒక భయం ఉంది.

మేనేజరు: ఏం భయం?

మాస్టారు: న్యాయం జరగదేమోనన్న భయం. మనకు స్వయంప్రతిపత్తి వచ్చినా పద్ధతి మాత్రం విశ్వవిద్యాలయ పరీక్షలదే. అక్కడ ఒక విశ్వవిద్యాలయం కింద వందల కళాశాలలు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు పేపర్లు దిద్దాలి. ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలంటే జవాబు ముందే తెలిసి ఉండాలి, స్కీమ్‌లో రాసి ఉండాలి. ఆలోచించి రాసే జవాబుకు ఒకరు ఎనిమిది వేస్తే మరొకరు మూడు వేస్తారు. పిల్లవాడి క్లాసు పోతుంది. పోనీ, ఇంటర్నల్ మార్కులు పెంచి ఆ ఆలోచనా ప్రశ్నలు అక్కడ అడుగుదామా? ఇంటర్నల్స్ 25 నుంచి 40 చేసి చూశారు. అడ్మిషన్ల కోసం పోటీపడే కళాశాల తన పిల్లలకు నలభైకి ముప్పై ఎనిమిది వేసి పంపుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బయటివాళ్ళు దిద్దే రాతపరీక్ష ఎంత బట్టీదైనా, ఊరి కళాశాలకూ పట్నం కళాశాలకూ ఒకే కొలత పెట్టే సాధనం ఇప్పటికి అదొక్కటే.

మేనేజరు: ఆ న్యాయం నేనూ కాదనను. కానీ ఆ కొలత ఏం కొలుస్తోంది? జ్ఞాపకాన్ని. అందరికీ సమానంగా జ్ఞాపకాన్ని కొలిచి, నిజమైన పరీక్షను మా ఇంటర్వ్యూకు వదిలేస్తున్నారు. అక్కడ ఎవరు నెగ్గుతారు? అమీర్‌పేటలో ఖర్చుపెట్టినవాళ్ళు. మీరు కాపాడామనుకున్న సమానత్వం మా గుమ్మం దగ్గర పోతోంది. నమ్మకమే సమస్య అయితే దారి ఉంది. ల్యాబ్ పరీక్షకు ఇప్పటికే బయటి ఎగ్జామినర్ వస్తారు. రికార్డు చూసి, వైవాలో రెండు ప్రశ్నలడిగి వెళ్ళిపోతారు. దాని బదులు విశ్వవిద్యాలయమే ఆ ఉదయం ప్రశ్న పంపాలి. పిల్ల ఎన్నడూ చూడని ప్రశ్న అయి ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. ముందే సిద్ధం చేసిన ఇన్‌పుట్లతో యంత్రమే సరిచూడాలి. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ కోర్సుల్లో ఇలాగే దిద్దుతున్నారు. అక్కడ దిద్దేవాడి మూడ్ లేదు, కళాశాల పలుకుబడి లేదు.

మాస్టారు: సీఎస్‌ఈకి కుదురుతుంది. నేను ఒప్పుకుంటున్నాను. మరి సివిల్ వాళ్ళ సంగతి? కాంక్రీటు క్యూబు పరీక్ష తీసుకో. నూట యాభై మిల్లీమీటర్ల క్యూబు పోసి, నీళ్ళలో ఉంచి, ఏడు రోజులకు ఒకసారి, ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి విరగ్గొట్టి బలం కొలవాలి. ల్యాబ్ వారానికి ఒక పూట. ఈ వారం పోసిన క్యూబు విరిచే రోజున వాళ్ళు ఇంకో ప్రయోగంలో ఉంటారు. అందుకని ఎవరో పోసిన క్యూబు విరుస్తారు, లేదా పాత రికార్డులో అంకెలు దించుకుంటారు. నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తే బలం ఎంత పడిపోతుందో సొంత చేత్తో చూడని పిల్ల రేపు సైటులో మేస్త్రీకి ఏం చెబుతుంది? ఇక్కడ లోపం సిలబస్‌లో లేదు, పరీక్షలో కూడా లేదు. టైంటేబుల్లో ఉంది.

మేనేజరు: ఇదీ పాఠ్యప్రణాళికే కదా మాస్టారూ! ఏం చెప్పాలి అన్నదొకటే ప్రణాళిక కాదు. ఎన్ని గంటలు, ఏ వరుసలో, ఎవరి చేత, ఎలా అడిగి అన్నవన్నీ కలిస్తేనే ప్రణాళిక. మనం ముసాయిదాలో మొదటిదాని మీదే ఇన్నాళ్ళూ కొట్టుకుంటున్నాం.

మాస్టారు: అందుకే నువ్వడిగిన కొత్త సబ్జెక్టుల పట్టిక నేను చేర్చను. పాతవాటికే గంటలు చాలడం లేదు. ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో మొత్తం క్రెడిట్లు 160కి తగ్గించింది. పిల్లలు తక్కువ సబ్జెక్టులు లోతుగా చదవాలన్నదే ఉద్దేశం. ఆ మిగిలిన గంటలను మళ్ళీ టూల్స్‌తో నింపడం నాకు సమ్మతం కాదు.

మేనేజరు: సబ్జెక్టులు వద్దు, సరే. గిట్‌కు సబ్జెక్టు అక్కర్లేదు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ మొదలుకొని ప్రతి ప్రోగ్రామూ దాంట్లోనే అప్పగించమనండి. నాలుగో ఏటికి అది అలవాటైపోతుంది. ఇక నాకు మిగిలిన అసలు కోరిక ఒకటే. ఎనిమిదో సెమిస్టర్ మొత్తం పరిశ్రమలో గడపనివ్వండి. బిట్స్ పిలానీ 1973లోనే ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. సుమారు ఒక సెమిస్టర్ కాలం విద్యార్థి సంస్థలోనే ఉంటాడు, సొంత అధ్యాపకులు కూడా కనిపెట్టి చూస్తారు, దానికి క్రెడిట్లుంటాయి. మన పాలిటెక్నిక్ పిల్లలకు కూడా పారిశ్రామిక శిక్షణ ఉంది. బీటెక్ వాళ్ళకెందుకు ఉండకూడదు?

మాస్టారు: బిట్స్‌కు సంస్థలు తలుపులు తెరుస్తాయి. మన ఊరి కళాశాలకు ఎవరు తెరుస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి మామూలు డిగ్రీలోనూ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మంచి ఆలోచన. కానీ చుట్టుపక్కల పరిశ్రమే లేని పట్టణంలో పిల్లలు ఎక్కడికి వెళ్ళాలి? డబ్బు కడితే ఇంటి దగ్గరికే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పంపే దుకాణాలు పుట్టాయి. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, ఇప్పుడు అనుభవాన్నీ అమ్ముతున్నారు. ఎనిమిదో సెమిస్టర్ ఖాళీ చేసి ఆ దుకాణాలకు అప్పగించడం నాకిష్టం లేదు.

మేనేజరు: అయితే తలుపు తెరిచే బాధ్యత మా మీద పెట్టండి. అప్రెంటిసుల చట్టం 1961 నాటిది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకూ వర్తించింది. పిల్లకు స్టైపెండ్ ఇచ్చి నేర్పించే దారి చట్టంలోనే ఉంది. మా సంస్థలాంటివి క్యాంపస్‌కొచ్చి మీ పిల్లల్ని ఏరుకుంటున్నాయి కదా? ఏరుకునే ప్రతి సంస్థా కొంతమందికి స్టైపెండ్‌తో నిజమైన పని ఇవ్వాలని షరతు పెట్టండి. ఇవ్వని సంస్థకు ప్లేస్‌మెంట్ తేదీ ఇవ్వకండి. శిక్షణ ఖర్చులో మా వాటా మేము కట్టాలన్న మీ మాట న్యాయమైందని నేను బోర్డులోనే చెబుతాను.

మాస్టారు: ఆ షరతు పెడితే సగం సంస్థలు పక్క కళాశాలకు వెళ్ళిపోతాయి. యాజమాన్యం నా మీద పడుతుంది.

మేనేజరు: ఒక్క కళాశాల పెడితే వెళ్ళిపోతాయి. విశ్వవిద్యాలయం పరిధిలో అందరూ పెడితే ఎక్కడికి వెళ్తాయి? ఉన్నత విద్యామండలి దగ్గర అడగాల్సింది ఇది. కొత్త బ్రాంచి పేర్లు కాదు.

మాస్టారు: ఇంటర్న్‌షిప్ విషయంలో మనిద్దరి మాట ఇవాళ కలవదు. నమ్మదగ్గ చోటు దొరికిన పిల్లకు ఎనిమిదో సెమిస్టర్ ఇద్దాం. దొరకని పిల్లకు కళాశాలలోనే ప్రాజెక్టు ఉండాలి, అందరికీ తప్పనిసరి చేయను. కానీ పరీక్ష విషయంలో నువ్వన్నది పట్టుకుంటాను. ఇంకోటి చెబుతాను, నీకు నచ్చకపోవచ్చు. ఉద్యోగానికి సిద్ధంగా ఉండటం అంటే సంస్థ చెప్పింది చెప్పినట్టు చేయడం కాదు. పదమూడు దగ్గర జవాబు తప్పుతోందని గమనించి, పైవాడికి ధైర్యంగా చెప్పగలగడం. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువయ్యాయని కాంట్రాక్టరు ముందు నిలబడి అనగలగడం. ఆ ధైర్యం తెలిసినదాని మీద నమ్మకంతో వస్తుంది. అది నేర్పే చోటు విశ్వవిద్యాలయమే. దాన్ని వదులుకోను.

మేనేజరు: అది నాకు నచ్చకపోవడమేమిటి? అలాంటి పిల్ల దొరికితే ఏ టూల్ రాకపోయినా తీసుకుంటాను. మీ ప్రశ్నపత్రం అలాంటి పిల్లను గుర్తించడం లేదన్నదే నా బాధ. ధైర్యంగా తప్పు పట్టిన పిల్లకూ, అచ్చు గుద్దినట్టు రాసిన పిల్లకూ ఒకే గ్రేడు వేసి పంపితే నాకెలా తెలియాలి? రెండో పిల్లకే ఎక్కువ మార్కులొస్తే మొదటి పిల్ల ఆ ధైర్యం ఎందుకు నిలుపుకోవాలి?

మాస్టారు: అయితే తీర్మానం ఇలా రాద్దాం. సబ్జెక్టుల పట్టిక ఈసారికి యథాతథం. ప్రతి సబ్జెక్టు రాతపరీక్షలోనూ యూనిట్‌కు ఒక ప్రశ్న పాత పేపర్లలో లేనిదై ఉండాలి. దాన్ని దిద్దే పద్ధతి ఇద్దరు అధ్యాపకులు కలిసి ముందే రాయాలి. ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షలన్నీ చూడని ప్రశ్నతో, కంప్యూటర్ మీద. ఏటా కొన్ని ప్రశ్నలు నీలాంటి పరిశ్రమవాళ్ళు రాసివ్వాలి, ఊరికే విమర్శించి వెళ్ళిపోతే కుదరదు. సివిల్ వాళ్ళకు సెమిస్టర్ మొదటి వారంలోనే క్యూబులు పోయించాలి, ఎవరు పోసింది వాళ్ళే విరవాలి.

మేనేజరు: ప్రశ్నలు నేను రాసిస్తాను. మా సంస్థలో మరికొందరి చేతా రాయిస్తాను. ఇంటర్న్‌షిప్ మీద నా అసమ్మతి మినిట్స్‌లో నమోదు చేయండి, వచ్చే సమావేశంలో మళ్ళీ లేవనెత్తుతాను. ఒక్క మాట మాత్రం కలపండి మాస్టారూ. ఈ మార్పును తర్వాతి రెగ్యులేషన్ దాకా ఆపొద్దు. అంతదాకా ఆగితే ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు పాత పేపర్లతోనే బయటికి వెళ్ళిపోతారు. సిలబస్ మార్చడానికి అకడమిక్ కౌన్సిల్ అనుమతులు కావాలి, అచ్చు కావాలి, ఏళ్ళు కావాలి. ప్రశ్న మార్చడానికి ఇద్దరు అధ్యాపకులు, ఒక సాయంత్రం చాలు. రాబోయే సెమిస్టర్ పరీక్షతోనే మొదలుపెడదాం.